నైతిక పునాదుల ప్రశ్నావళి: ఎదుటివారి తరఫున నింపినప్పుడే దాని విలువ తెలుస్తుంది

రెండు వర్గాలు ఒక విషయం మీద చాలాకాలం తగాదా పడితే, అసలు విషయం వెనక్కి పోయి, అవతలివాళ్ళకు నీతీ నియమం లేవన్న నమ్మకం ముందుకు వచ్చి కూర్చుంటుంది. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి పనికివచ్చే సాధనాలు తక్కువ. మనస్తత్వ పరిశోధకులు తయారుచేసిన నైతిక పునాదుల ప్రశ్నావళి వాటిలో ఒకటి. దీన్ని నేను కుతూహలంతో కాక అవసరం కలిగి వాడాను. ఒకసారి నా తరఫున, మరొకసారి నాకు బొత్తిగా సరిపడనివారి తరఫున నింపాను. మొదటిసారి తెలిసింది స్వల్పం. రెండోసారి తెలిసినదాని గురించే ఈ సమీక్షలో ఎక్కువగా రాస్తున్నాను.

మా తగాదా ఒక ఉమ్మడి హాలు గురించి. దాన్ని రెండు బృందాలు కలిసి నిర్వహిస్తాయి. ఒక బృందం ఉదయం, సాయంత్రం అక్కడ ప్రార్థన చేసుకుంటుంది. మిగతా వేళల్లో మేము చదువు రానివారికి పాఠాలు చెబుతాము. వానలు పడే రోజుల్లో నిలువనీడ లేనివారిని రాత్రిపూట ఆ హాలులో పడుకోనివ్వాలని మేము అడిగాము, వారు కాదన్నారు. వరుసగా మూడు సమావేశాల్లో మాటలు పెరిగాయి. తలదాచుకోవడానికి వచ్చిన మనిషిని గుమ్మంలోనే ఆపేవారు ఇంక దేన్ని ప్రార్థిస్తారని మా వైపువారు అడిగారు. మీకు ఏ చోటైనా ఒకటే, గౌరవించదగినదంటూ మీకు ఏదీ లేదని వారి వైపు నుంచి జవాబు వచ్చింది. ఆ కఠినమైన మాటలు అన్నవారిలో నేనూ ఉన్నాను. నాలుగో సమావేశానికి ముందు, ఇరువైపుల నుంచి ఆరుగురేసి ఈ ప్రశ్నావళిని నింపడానికి ఒప్పుకున్నాము.

ఈ ప్రశ్నావళికి ఆధారమైన సిద్ధాంతం జోనథన్ హైట్, క్రెయిగ్ జోసెఫ్ 2004లో ప్రచురించిన వ్యాసంతో రూపుదిద్దుకున్నది. దానికి మూలం ఇంకా వెనక ఉంది. రిచర్డ్ ష్వేడర్ తన సహచరులతో కలిసి భువనేశ్వర్‌లోను, షికాగోలోను చేసి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, ఎవరికీ ప్రత్యక్షంగా హాని కలిగించని పనిని తప్పు అనవచ్చునా అన్న ప్రశ్నకు రెండు చోట్లా ఒకే జవాబు రాలేదు. కొందరికి నీతి అంటే వ్యక్తికి ఉన్న హక్కులు, అతనికి జరిగే హాని. మరికొందరికి సమూహం పట్ల బాధ్యత, దైవ సంబంధమైన పవిత్రత కూడా నీతిలో విడదీయరాని భాగాలే. హైట్ 1993లో భువనేశ్వర్‌లో మూడు నెలలు ఉండి ఈ విషయాన్ని దగ్గరగా గమనించారు. ఈ నేపథ్యం తెలియకుండా ప్రశ్నావళిని చేతిలోకి తీసుకుంటే, అది పత్రికల్లో వచ్చే 'మీ స్వభావం తెలుసుకోండి' వంటి కాలక్షేపంలా కనిపిస్తుంది. అలాంటిది కాదు కనుకనే ఇంత చెప్పవలసి వచ్చింది.

సిద్ధాంతం చెప్పేది క్లుప్తంగా ఇది: మనుషులందరిలోను కొన్ని నైతిక స్పందనలు పుట్టుకతోనే బీజరూపంలో ఉంటాయి, పెరిగిన సమాజం వాటిలో కొన్నింటికి నీరు ఎక్కువ పోస్తుంది, కొన్నింటికి తక్కువ పోస్తుంది. 2011లో పూర్తి వివరాలతో ప్రచురితమైన ప్రశ్నావళి అలాంటి ఐదు పునాదులను కొలుస్తుంది. వాటిని తెలుగులో కరుణ, న్యాయం, స్వజన నిష్ఠ, పెద్దరికం పట్ల గౌరవం, పవిత్రత అని చెప్పుకోవచ్చు. ఒక్కొక్కదానికి ఆరేసి చొప్పున మొత్తం 30 ప్రశ్నలు ఉంటాయి. మొదటి సగంలో, ఒక పని తప్పో ఒప్పో తేల్చేటప్పుడు ఫలానా అంశాన్ని మీరు ఎంతగా లెక్కలోకి తీసుకుంటారని అడుగుతారు; రెండో సగంలో ఒక అభిప్రాయాన్ని ఇచ్చి, దానితో ఎంతవరకు ఏకీభవిస్తారని అడుగుతారు. జవాబులు 0 నుంచి 5 వరకు అంకెల్లో ఇవ్వాలి. ఇవి కాక, శ్రద్ధగా చదువుతున్నారా లేదా అని కనిపెట్టడానికి లెక్కలోకి రాని ప్రశ్నలు మరో రెండు ఉన్నాయి. తప్పొప్పులు నిర్ణయించేటప్పుడు ఆ మనిషికి గణితం బాగా వచ్చా లేదా అన్నది మీకు ముఖ్యమా అని అడిగే ప్రశ్న వాటిలో ఒకటి. మాలో ఒకరు దానికి 4 వేశారు. ఆ పత్రాన్ని పక్కన పెట్టి ఆయన చేత మళ్ళీ నింపించాము.

వాడకం సులభం. పరిశోధకులు దీన్ని లెక్కగట్టే పద్ధతితో సహా ఉచితంగా అందుబాటులో ఉంచారు. కాగితం మీద నింపి, ఆరేసి జవాబుల సగటు కట్టుకుంటే చాలు; కంప్యూటరు కూడా అవసరం లేదు.

నా పత్రంలో కరుణ, న్యాయం పైన ఉన్నాయి. పవిత్రత అట్టడుగున ఉంది. ఇది నేను ఊహించినదే. జెస్సీ గ్రాహం, హైట్, బ్రయన్ నోసెక్ 2009లో ప్రచురించిన పరిశోధనలో అమెరికాలోని ఉదారవాదులు మొదటి రెండు పునాదులకే ఎక్కువ బరువు ఇచ్చారని, సంప్రదాయవాదులు ఐదింటికీ ఇంచుమించు సమానమైన బరువు ఇచ్చారని తేలింది. నా అంకెలు ఆ మొదటి నమూనాకు దగ్గరగా వచ్చాయి. ఇంతటితో ఆగి ఉంటే నాకు ఒక ముద్ర దొరికి ఉండేది, అవతలివారికి మరొక ముద్ర దొరికి ఉండేది, తగాదా యథాస్థితిలో ఉండేది. ఈ ప్రశ్నావళిని వాడేవారిలో చాలామంది అక్కడే ఆగిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆ ముగ్గురు పరిశోధకులే 2012లో చేసిన మరో పని మాకు దారి చూపింది. అమెరికాలో 2 వేల మందికి పైగా మనుషులకు ఇదే ప్రశ్నావళి ఇచ్చి, కొందరిని తమ తరఫున, కొందరిని సగటు ఉదారవాది తరఫున, మరికొందరిని సగటు సంప్రదాయవాది తరఫున జవాబులు ఇమ్మన్నారు. ఇరుపక్షాలకూ మధ్య నిజంగా ఉన్న తేడా కంటే, ఉందని జనం అనుకునే తేడా పెద్దదని తేలింది. ఎదుటి పక్షం గురించే కాదు, సొంత పక్షం గురించి కూడా మనుషులు అతిశయోక్తిగానే ఊహించారు. మేమూ అదే చేశాము. ప్రతి ఒక్కరూ తన పత్రం నింపాక, రెండో పత్రం మీద 'అవతలి బృందంలోని సాధారణ సభ్యుడు ఏమని జవాబు ఇస్తాడు' అని ఊహించి నింపాలి. ఆ తరువాత ఊహలనూ అసలు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ప్రార్థన బృందానికి కరుణ విషయంలో మేము ఊహించి వేసిన అంకెలు సగానికి దిగువన ఉన్నాయి. వారు తమ తరఫున వేసుకున్న అంకెలు మా సొంత అంకెలకు దాదాపు సమానంగా ఉన్నాయి. బాధలో ఉన్నవారిని చూసి జాలిపడటం మొదటి గుణమా అన్న ప్రశ్నకు వారిలో నలుగురు 5 వేశారు. వారు మా గురించి చేసిన ఊహ కూడా అంతే దూరంగా ఉంది: స్వజన నిష్ఠ మాకు లేనే లేదనుకున్నారు. నిజానికి మాలో కొందరు సొంతవారిని విడిచిపెట్టకపోవడాన్ని చాలా గొప్ప విషయంగా భావిస్తారు. కాకపోతే మేము సొంతవారనుకునేది మా దగ్గర చదువుకునేవారిని. పవిత్రత దగ్గర మాత్రం తేడా నిజంగానే పెద్దది. ఆ ఒక్క చోటే మా ఊహలు నిజానికి దగ్గరగా వచ్చాయి.

ఆ కాగితాలు చూశాక గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. కరుణ లేనివారితో వాదిస్తున్నామని మేము మూడు సమావేశాలు గడిపాము. అవతల ఉన్నవారు కరుణ ఉన్నవారే. వారి మనస్సులో దానితోపాటు ఇంకొకటి ఉంది, దానికి మేము పేరు కూడా పెట్టలేదు. ప్రార్థన జరిగే స్థలాన్ని మామూలు స్థలంగా మార్చడమంటే, తమకంటే పెద్దదైన దేనికో చేసిన వాగ్దానాన్ని తప్పడమని వారిలో ఒక పెద్దావిడ చెప్పారు. అదే మాట ఆమె రెండో సమావేశంలోనూ చెప్పారట. అప్పుడు నా చెవికి అది సాకులా వినిపించింది.

ఆ తరువాత మేము అడిగే తీరు మారింది. దీనికీ పరిశోధనలో ఆధారం ఉంది. మాథ్యూ ఫైన్‌బర్గ్, రాబ్ విల్లర్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పర్యావరణ పరిరక్షణ గురించి హాని, కరుణల భాషలో కాక, మలినం, పవిత్రతల భాషలో చెప్పినప్పుడు సంప్రదాయవాదులు ఆ మాటకు ఎక్కువ సుముఖత చూపారు. 2015లో అదే ఇద్దరు చూపిన మరో సంగతి ఏమిటంటే, ఎదుటివారిని ఒప్పించమని అడిగినా మనుషులు సాధారణంగా తమ విలువల భాషలోనే వాదిస్తారు, ఎదుటివారి విలువల భాషలోకి వెళ్ళరు. ఇందులో ఒక ప్రమాదం ఉందని నేను నమ్ముతున్నాను. నాకు నమ్మకం లేని పవిత్రత గురించి ఉన్నట్టు నటిస్తూ మాట్లాడితే అది మోసమే అవుతుంది. మేము నటించలేదు. ఆ స్థలం పవిత్రంగా ఉండాలంటే ఏమేమి చేయాలో మీరే చెప్పండి అని అడిగాము. ప్రార్థన జరిగే భాగానికి అడ్డుగా తెర కట్టాలని, తెల్లవారకముందే హాలు కడగాలని, మొదటి రాత్రి వచ్చినవారిని తామే ఎదురేగి లోపలికి తీసుకురావాలని వారు కోరారు. ఈ చివరి కోరిక మాలో ఎవరి ఊహకూ అందనిది.

ఇప్పుడు లోపాల దగ్గరకు వస్తాను, ఎందుకంటే అవి చిన్నవి కావు.

మొదటిది భాష. ఇంగ్లీషు ప్రశ్నలను మేమే తెలుగు చేసుకున్నాము, అక్కడే తడబడ్డాము. ఒక పునాదిని మొదట 'అధికారం పట్ల గౌరవం' అని రాసుకున్నాము. ఆ మాట వినగానే అందరికీ ఆఫీసులు, హోదాలు గుర్తుకు వచ్చి అంకెలు కిందికి పోయాయి. దాన్నే 'పెద్దరికం' అని మార్చగానే, అదే మనుషులు, అదే ప్రశ్నకు, రెండు మెట్లు ఎక్కువ వేశారు. 'పవిత్రత' మరింత చిక్కు పెట్టింది. కొందరు దాన్ని శుభ్రతగా, కొందరు శీలంగా, కొందరు దైవత్వంగా అర్థం చేసుకున్నారు. ఇంగ్లీషులో ఒకే గూటిలో కూర్చునే ఈ అర్థాలు తెలుగులో వేర్వేరు గూళ్ళలో ఉంటాయి. అందువల్ల తెలుగులో వాడదలచినవారు ప్రతి ప్రశ్ననూ ముందుగా ఇరువర్గాల చేత చదివించి, ఏమి అర్థమైందో వారి మాటల్లోనే చెప్పించుకోవడం మంచిది. మాకు దానికి ఒక సాయంత్రం పట్టింది. నిజం చెప్పాలంటే, ప్రశ్నలకు జవాబులు ఇవ్వడం కంటే ఆ మాటల అర్థాల మీద కలిసి కూర్చుని మాట్లాడటమే మమ్మల్ని ఎక్కువ దగ్గర చేసింది.

రెండోది కొలతలోని నమ్మకం. 2020లో 27 దేశాల సమాచారంతో చేసిన ఒక పరీక్షలో, ఈ ఐదు పునాదుల విభజన అన్ని చోట్లా ఒకే విధంగా నిలబడలేదు. అందుచేత ఒక సమాజపు సగటును మరొక సమాజపు సగటుతో పోల్చి తీర్పు చెప్పడానికి ఈ అంకెలు చాలవు. మా అంకెలను మేము తీర్పుగా కాక, సంభాషణ మొదలుపెట్టడానికి దొరికిన కొసగా మాత్రమే తీసుకున్నాము.

మూడోది న్యాయం అన్న మాట. మా రెండు బృందాలకూ న్యాయం దగ్గర ఒకే రకమైన అంకెలు వచ్చాయి, అయినా మాటల్లో పొంతన కుదరలేదు. మా దృష్టిలో న్యాయమంటే గూడు ఉన్నవారికీ లేనివారికీ సమానమైన రక్షణ దొరకడం. వారి దృష్టిలో ఏళ్ళ తరబడి హాలు మరమ్మతులకు శ్రమపడినవారి మాటకు ఆ శ్రమకు తగ్గ విలువ ఉండటం. 2023లో మొహమ్మద్ అతారీ తదితరులు ప్రచురించిన రెండో ప్రశ్నావళి సరిగ్గా ఈ లోపాన్ని సరిచేసింది. అందులో న్యాయాన్ని సమానత్వం, అర్హతకు తగిన ఫలం అని రెండుగా విడదీశారు. పునాదులు ఆరయ్యాయి, ప్రశ్నలు 36 అయ్యాయి, జవాబులు 1 నుంచి 5 వరకు ఇవ్వాలి. మేము పాతది వాడాము. ఈ రోజు మొదలుపెట్టేవారు కొత్తదే తీసుకోవాలని నా గట్టి సలహా. ఆస్తి, నిధులు, పదవులు, పంపకాలు తగాదాలో ఉన్న చోట పాతది తప్పుదారి పట్టిస్తుంది.

నాలుగో లోపం నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. ఈ ప్రశ్నావళి కరుణ ఎంత ఉందో అడుగుతుంది గాని, ఎవరి మీద ఉందో అడగదు. బాధపడేవారిని ఆదుకోవాలని అందరూ 5 వేయవచ్చు; ఆ 'బాధపడేవారు' అన్న మాటలో ఎవరు చేరతారు, ఎవరు చేరరు అన్నదే చాలా తగాదాల్లో అసలు విషయం. మా దగ్గర వానలో తడిసేవారు ఆ సమావేశాల్లో లేరు. వారి చేత ఎవరూ పత్రం నింపించలేదు. మేము చేసిన పనిలో ఇది పెద్ద తప్పు, దానికి బాధ్యత ప్రశ్నావళిది కాదు, మాదే. అలాగే ఒక వర్గం బలంగాను, మరొక వర్గం బలహీనంగాను ఉన్న చోట ఈ సాధనాన్ని చాలా జాగ్రత్తగా వాడాలి. ఒకరు మరొకరిని తొక్కిపెట్టడాన్ని కూడా 'విలువల్లో తేడా' అని మెత్తగా పిలుచుకునే అవకాశం ఇది కల్పిస్తుంది. అన్యాయం జరిగిన చోట ముందు దాన్ని ఆపాలి, అర్థం చేసుకోవడం ఆ తరువాతి పని.

దుర్వినియోగం గురించి కూడా ఒక మాట. నాకు తెలిసిన ఒక కార్యాలయంలో ఉద్యోగుల చేత ఇలాంటి పత్రాలు పేర్లతో నింపించి, ఎవరు ఏ జట్టులో ఇమడగలరో ఆ అంకెలతో నిర్ణయించారు. పెద్దరికం దగ్గర తక్కువ అంకె వచ్చిన ఇద్దరిని ఎదురు తిరిగే స్వభావం గలవారిగా చూశారు. ఇది మనుషులను అర్థం చేసుకోవడానికి పుట్టిన సాధనంతో వారిని వేరుచేయడం. మేము పేర్లు రాయించలేదు, సగటులు కట్టాక పత్రాలను చింపివేశాము.

ఇదే కోవకు చెందిన మరో రెండు సాధనాలను కూడా పరిశీలించాను. షాలోమ్ ష్వార్జ్ రూపొందించిన విలువల ప్రశ్నావళి 10 విలువలను కొలుస్తుంది. అందులో ఒక మనిషిని రెండు ముక్కల్లో వర్ణించి, ఆ మనిషి మీకు ఎంత పోలికగా ఉన్నాడని అడుగుతారు. నీతి అన్న మాట ఎత్తకుండానే అడుగుతుంది కనుక, పరీక్ష పెడుతున్నారన్న బిగువు మనుషుల్లో తగ్గుతుంది. దగ్గరివారి మేలు కోరడం ఎన్నో దేశాల్లో విలువల వరుసలో పైన ఉంటుందని, ఇతరుల మీద ఆధిపత్యం అట్టడుగున ఉంటుందని 2001లో ష్వార్జ్, అనత్ బార్డి చూపారు. తగాదా ఇంకా ముదరని చోట దీనితో మొదలుపెట్టడం మేలు. రెండోది, నీతి అంటే మనుషులు ఒకరితో ఒకరు సహకరించుకునే తీరే అన్న సిద్ధాంతం ఆధారంగా ఆలివర్ స్కాట్ కరీ రూపొందించినది. ఆయన బృందం 60 సమాజాల మీద మానవశాస్త్రజ్ఞులు రాసిన వర్ణనలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఏడు విషయాలు వచ్చాయి: బంధువులకు సాయపడటం, తమ సమూహానికి సాయపడటం, చేసిన మేలుకు బదులు మేలు చేయడం, ధైర్యం, పెద్దలకు విధేయత, ఉమ్మడిగా ఉన్నదాన్ని సరిగా పంచుకోవడం, ఇతరులకు ముందే చెందినదాన్ని గౌరవించడం. ఈ ఏడూ దాదాపు ప్రతి ప్రస్తావనలోనూ మంచివిగానే కనిపించాయి. ఆ జాబితాను మా సమావేశంలో గట్టిగా చదివినప్పుడు ఇరువైపులవారూ తలలూపారు. అయితే అందులో పవిత్రతకు విడిగా చోటు లేదు, మా తగాదాకు మూలం అదే కనుక అది మాకు అక్కరకు రాలేదు. ఏ సాధనం తీసుకోవాలన్నది తగాదా దేని మీద అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తానంటే, ఒంటరిగా నింపుకొని పక్కన పెట్టేవారికి ఇది రెండింటికి మించి ఇవ్వదగినది కాదు. అవతలివారి తరఫున కూడా నింపి, వారి అసలు జవాబులను వారి సమక్షంలో చూసుకునే ధైర్యం ఉన్నవారికి నాలుగు ఇస్తాను. మిగిలిన ఆ ఒక్కటి, కరుణ ఎవరి మీద అన్న ప్రశ్న ఇందులో లేనందుకు తగ్గించినది.

తెర కట్టి, వాన రాత్రుల్లో హాలు తెరిచే ఈ ఏర్పాటుతో మా వైపు ఒకరు, వారి వైపు ఇద్దరు ఇప్పటికీ ఏకీభవించడం లేదు. తెర కట్టడమే వివక్ష అని మావారు అంటారు; తెర ఒక్కటే చాలదని వారి ఇద్దరూ అంటారు. వాన పడిన రాత్రి ముగ్గురూ వస్తారు. తదుపరి సమావేశానికి, ఆ హాలులో పడుకునేవారిలో ఇద్దరిని పిలిచాము. ఈసారి ప్రశ్నలు ముందుగా వారికి చదివి వినిపించి, ఏ మాట ఎలా అర్థమైందో వారి నోట విన్న తరువాతే కొత్త పత్రాలు పంచుతాము.